నాలుగు సెకన్ల ఆకాశం

ఏప్రిల్ 2, బుధవారం

ఈ పుస్తకంలో ఇకమీద తెలుగే రాయాలని నిర్ణయం. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఏడు దాకా కంప్యూటర్లో ఇంగ్లీషు మెనూలు చూసి చూసి కళ్ళు మండుతున్నాయి. రూముకొచ్చి తెలుగు రాస్తే మొహం కడుక్కున్నట్టు ఉంటుంది.

లేయర్ అనేదానికి నేను పెట్టుకున్న మాట పొర. ఈ మాట మీద మనసు పడింది. కంపోజిటింగ్‌కి ఇంకా దొరకలేదు. అతుకుపని అనుకున్నాను కానీ చెప్పుల కొట్టు గుర్తొస్తోంది. నిజానికి పని అదే. ఒకచోటిది తెచ్చి ఇంకోచోట అతికించి, అతుకు కనపడకుండా చేయడం.

ఇప్పుడు నడుస్తున్నది రాజుల కాలం సినిమా. ఉరవకొండ అవతల గుట్టల దగ్గర తీశారు. రాజు గుర్రం మీద పోతుంటే వెనక వరసగా కరెంటు తీసే పెద్ద గాలి ఫ్యాన్లు తిరుగుతున్నాయి. మా స్టూడియో నడిపే లక్ష్మీపతి అన్న మొదటిసారి ఆ షాట్లు వేసి చూపించినప్పుడు, "రాజుగారికి కరెంటు కనెక్షన్ ఇచ్చినట్టుండాది సూడండప్పా" అన్నాడు. అందరం నవ్వాం. తర్వాత షాట్ల లెక్క చెప్పాడు. నవ్వు ఆగిపోయింది.

మాకు వచ్చిన ప్రతి షాట్‌లోనూ ఫ్యాన్లు తీసెయ్యాలి. రెక్క పక్కకు తిరిగినప్పుడు దాని వెనక బయటపడే ఆకాశాన్ని కోసి తెచ్చి, రెక్క ఉన్న చోట కప్పాలి. ఒక్క సెకనుకు ఇరవైనాలుగు ఫ్రేములు.

నెలాఖరుకి మా ట్రైనింగ్ అయిపోతుంది. కార్తికేయ, నేను. ఇద్దరిలో ఒకరినే ఉంచుకుంటానని అన్న మొదటిరోజే చెప్పాడు. ఆ సంగతి మేమిద్దరం మాట్లాడుకోం.

ఏప్రిల్ 5, శనివారం

మెడ నొప్పి. ఏసీ మళ్ళీ పాడైంది. అతికించిన ఫ్రేములన్నీ కలిపి వీడియో తీసే రెండర్ మిషన్లకు మాత్రం టేబుల్ ఫ్యాన్ పెట్టారు. "మనుషులు చెమట పడితే తుడుచుకుంటారు, అవి తుడుచుకోలేవు కదా" అని చాందిని అక్క సమాధానం. ఆమె ఇక్కడ నాలుగేళ్ళుగా పనిచేస్తోంది. ఏసీ గురించి ఎవరు అడిగినా ఇదే చెప్తుంది.

ఏప్రిల్ 9, బుధవారం

కార్తికేయ ఊరికి పోయాడు. కదిరి పక్కన వాళ్ళ చేన్లో బోరు వేస్తున్నారట, లారీ ఇవాళే వస్తుందట. పోతూ పోతూ నా దగ్గరికొచ్చాడు.

"సువార్తా, నా ఐదు ఫ్యాన్ల షాట్ ఉండాది కదా, రెండు అయిపోయినాయి. మూడోది మొదులుపెట్టినా. రేపు సాయంత్రానికి పంపల్లంట. కొంచెం సూడు మే."

"నా షాట్లు ఎవరు సూస్తారు?"

"నీకేం మే, నీ చేతికి చక్రాలుండాయి."

సరే అన్నాను. నా చేతికి చక్రాలున్నాయన్న మాట బాగుంది కాబట్టి కాదు. ఎవరో ఒకరు చేయాలి కాబట్టి.

ఏప్రిల్ 10, గురువారం

అతని లాగిన్‌లోనే చేశాను. మూడో ఫ్యాన్‌కి అతను వేసిన అతుకు అంచుల్లో నల్లగా గీత కనపడుతోంది. అది తీసేసి నాది వేశాను. నాలుగు, ఐదు కూడా నావే. పొరలకు నేను తెలుగు పేర్లు పెట్టుకుంటాను. మబ్బు, గుట్ట, దుమ్ము, ఆకాశం3. ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చేస్తాను కానీ మాట నాది. కార్తికేయ అయితే ప్యాచ్ 1, ప్యాచ్ 2 అని పెడతాడు.

ఇక్కడ ఒక పద్ధతి ఉంది. చేసినవాళ్ళ కళ్ళకు తప్పు కనపడదు కాబట్టి, ఇంకొకరు చూశాకే షాట్ బయటికి పోవాలి. గోడ మీది తెల్లబోర్డులో షాట్ నెంబరు పక్కన 'చేసినవారు', 'చూసినవారు' అని రెండు గడులు. నాలుగున్నరకి చాందిని అక్క ఫోన్లో ఉంది. అన్న బ్యాంకుకు పోయాడు. పంపాల్సిన టైము ఐదు.

చేసినవారు గడిలో కార్తికేయ పేరు ముందే ఉంది. చూసినవారు గడిలో నా పేరు రాశాను. చూశాను కూడా. సగం సైజులో రెండర్ చేసి ఇరవై సార్లు తిప్పి తిప్పి చూశాను. అబద్ధమేమీ కాదు.

నాలుగు సెకన్లు. ఒక్క ఫ్యాన్ లేదు. గుట్ట, దాని మీద ఆకాశం, అంతే. మా అమ్మ చిన్నప్పుడు గొర్రెలు తోలుకుపోయినప్పుడు ఆ గుట్టలు ఇట్లాగే ఉండి ఉంటాయి.

ఏప్రిల్ 12, శనివారం

కార్తికేయ వచ్చాడు. బోర్లో నీళ్ళు పడలేదు. షాట్ చూడకుండానే "థాంక్స్ మే" అన్నాడు. కొంచెమైనా చూసి ఉండాల్సింది.

ఏప్రిల్ 15, మంగళవారం

హైదరాబాద్ నుంచి మెయిల్ వచ్చింది. ఐదు ఫ్యాన్ల షాట్. ఆకాశంలో ఒక గద్ద రెక్కలు చాపుకుని నాలుగు సెకన్లూ కదలకుండా ఉందట. వాళ్ళు పెద్ద తెర మీద వేసుకుని చూస్తుంటే డైరెక్టరే పట్టుకున్నాడట. "మీ ఊర్లో పక్షుల్ని మేకులు కొట్టి పెడతారా?" అని రాశారు. అన్న ఆ ముక్క మా అందరి ముందు పైకి చదివాడు.

ఏం జరిగిందో అర్థం చేసుకోవడం కష్టం కాదు. అతుకు కోసం ఆకాశం కోసిన ఫ్రేములో ఒక గద్ద ఎగురుతోంది. ఆ ఒక్క ఫ్రేమే తొంభైఆరు ఫ్రేముల మీద కప్పింది. సగం సైజులో చూస్తే అది చుక్కంత కూడా ఉండదు. ఉన్నా, ఎండాకాలం మా వైపు గద్దలు నిజంగానే అట్లా గాలిలో నిలబడతాయి. ముదిగుబ్బలో పుట్టినవాళ్ళకి అది తప్పుగా అనిపించదు. హైదరాబాద్ వాళ్ళకి ఏం తెలుస్తుంది.

అన్న బోర్డు దగ్గరికి పోయి నిలబడ్డాడు. "చేసింది కార్తికేయ. చూసింది సువార్త. ఇద్దరికీ కండ్లు యాడ పెట్టుకున్నారప్పా?"

నేను వెంటనే లేచి, "నేను సరిగ్గా చూడలేదన్నా, నా తప్పే" అన్నాను. నా వంతు నేను ఒప్పుకున్నాను.

మధ్యాహ్నం మెట్ల దగ్గర కార్తికేయ అడిగాడు.

"మూడో ఫ్యాన్‌ని నువ్వు ముట్టుకున్నావా?"

"గుర్తులేదు."

"సరిగ్గా సెప్పు మే. గద్ద ఉండేది ఆ మూడోదాని మీదనే."

"నువ్వు చేసిందే ఉంచినట్టుండాది."

అతను గోడకు ఆనుకుని చాలాసేపు బొటనవేలితో సున్నం గీకాడు. "అంటే నాదే" అన్నాడు.

నాకు నిజంగానే గుర్తులేదు. ఆరోజు ఎన్ని అతుకులు వేశానో ఎవరికి గుర్తుంటుంది.

ఏప్రిల్ 16, బుధవారం

అన్న ఆ షాట్ నాకే ఇచ్చాడు. "వాడు దిగులుగా ఉండాడు, వాని చేత వద్దు. నువ్వు సరిచెయ్ పాపా."

ఫైలు తెరిచాను. మూడో ఫ్యాన్ మీద ఉన్న పొర పేరు ఆకాశం3.

అయిదు నిమిషాలు ఊరికే కూర్చున్నాను.

తర్వాత గద్ద లేని ఫ్రేము నుంచి కొత్త ఆకాశం కోసి అతికించాను. దాని పేరు ప్యాచ్ 3 అని పెట్టాను. మబ్బు, గుట్ట, దుమ్ము, అన్నీ మార్చాను. ఒక్క నిమిషం పని. ఫైలంతా ఒకే పద్ధతిలో ఉంటే తర్వాత చూసేవాళ్ళకి సులువు.

ఈసారి పూర్తి సైజులో రెండర్. నలభై నిమిషాలు పట్టింది. శాతం అంకె పెరుగుతుంటే చూస్తూ కూర్చున్నాను. చాందిని అక్క చూసి సంతకం పెట్టింది.

రేపు కార్తికేయకి చెప్తాను.

ఏప్రిల్ 17, గురువారం

హైదరాబాద్ వాళ్ళు ఒప్పుకున్నారు. అన్న అందరికీ వినపడేటట్టు, "సువార్త నిలబెట్టిందప్పా మన పరువు" అన్నాడు. చాందిని అక్క చప్పట్లు కొట్టింది. కార్తికేయ కూడా కొట్టాడు.

మళ్ళీ మెట్ల దగ్గర అడిగాడు. "ఫైలు తెరిసినావు కదా, మూడోది నాదేనా?"

"పేర్లు ప్యాచ్ అనే ఉన్నాయి."

ఇది అబద్ధం కాదు. అప్పటికి అట్లాగే ఉన్నాయి.

అమ్మ ఫోన్ చేసింది. రేపు గుడ్‌ఫ్రైడే కదా, ఊరికి రా, చర్చిలో అందరూ అడుగుతారు అంది. పని ఉంది మా అన్నాను. పని ఉంది నిజంగానే.

ఏప్రిల్ 18, శుక్రవారం

పని లేదు. రూములోనే పడుకున్నాను.

ఏప్రిల్ 19, శనివారం

కార్తికేయ మానేశాడు.

పొద్దున వచ్చి బ్యాగు కూడా దింపకుండా అన్న దగ్గరికి పోయాడు. గాజు తలుపు ఇవతల నుంచి వినపడింది.

"నాకు ఈ పని రాదన్నా. తొంభైఆరు ఫ్రేముల్లో గద్ద కనపడల్యా నాకు. నా కండ్లతో ఈ పని కాదు."

"ఒక్క షాట్‌కే పారిపోతావేందప్పా?"

"ఒక్క షాట్ కాదు. ఇప్పుడు ఏది చూసినా తప్పుండాదేమో అనిపిస్తాంది. మొన్న ఒకే షాట్ నాలుగు గంటలు సూసినా. పంపలేకపోయినా."

అన్న కొంచెంసేపు బతిమాలాడు. తర్వాత ఊరుకున్నాడు. పోయేముందు నా కుర్చీ వెనక నిలబడ్డాడు కార్తికేయ.

"మే, చివరిసారి అడుగుతాండా. నాదేనా అది?"

తల తిప్పకుండానే "నాకు తెలీదు కార్తీ" అన్నాను.

"సరేలే. కదిరిలో మా మామకు సెల్లు అంగడి ఉండాది. ఆడ కూచుంటా."

నేను రెండర్ పెట్టి ఉన్నాను. మధ్యలో లేస్తే బాగుండదు.

ఏప్రిల్ 20, ఆదివారం

ఈస్టర్. రాయడానికేమీ లేదు.

ఏప్రిల్ 22, మంగళవారం

అతను ఇట్లా వెళ్ళిపోవడానికి కారణం బోరు కూడా అయి ఉండొచ్చు. ఇంట్లో కష్టంగా ఉందేమో. ఒక పక్షి కోసం ఎవరైనా పని మానేస్తారా.

ఇవాళ మూడు షాట్లు పూర్తి చేశాను. పొరలకు పేర్లు పెట్టబుద్ధి కావడం లేదు. ప్యాచ్ 1, ప్యాచ్ 2 అనే పెడుతున్నాను.

ఏప్రిల్ 25, శుక్రవారం

ఒకటో తారీఖు నుంచి నేను పర్మనెంటు. అన్న చెప్పి, "ఇంగ వేరే మనిషి ల్యాడు కదా, నువ్వే" అన్నాడు. ఇంకెవరూ లేరు కాబట్టి నేను. అట్లాగే వినపడింది. అట్లాగే అన్నాడేమో కూడా.

అమ్మకు ఫోన్ చేస్తే ఏడ్చింది. తర్వాత నవ్వింది. రేపు ఉపాధి పనికి పోయినప్పుడు అందరికీ చెప్తానంది. మట్టి మోస్తూ మోస్తూ చెప్తుంది. నా కూతురు కంప్యూటర్లో ఫ్యాన్లు పీకేస్తాది అని.

అన్నం తినలేదు.

ఏప్రిల్ 27, ఆదివారం

కదిరి పోయి వచ్చాను.

పొద్దున ఏడింటి బస్సు. ఎండకి కిటికీ కమ్మీ పట్టుకోవడానికి లేదు. దారి పొడుగునా ఏం చెప్పాలో పుస్తకం వెనక అట్ట మీద రాసుకున్నాను. నాలుగు రకాలుగా రాశాను. నాలుగూ బాగున్నాయి. ఒకటైతే ఎంత బాగుందంటే, చదువుకుంటే నాకే నా మీద జాలి వేసింది. బస్సు దిగగానే ఆ అట్ట చింపేశాను.

అంగడి బస్టాండు దగ్గరే. కార్తికేయ గల్లా ముందు కూర్చుని ఎవరిదో ఫోన్‌కి గ్లాసు అతికిస్తున్నాడు. కళ్ళద్దాలు పెట్టుకుని ఉన్నాడు. మొదట పోల్చుకోలేకపోయాను.

"ఏం మే, ఇట్లొచ్చినావు? ఫోను పగలగొట్టుకున్నావా?"

"లేదు. ఈ కళ్ళద్దాలేంది?"

"డాక్టరు కాడికి పోయినా. గద్ద కనపడకపోతే కండ్లలోనే ఏదో ఉండాదని. ఆయన సూసి, పెద్దగా ఏం ల్యా, కావాలంటే పెట్టుకో అన్నాడు. పెట్టుకున్నా. తలకాయ నొస్తాంది."

ఫోన్ ఇచ్చిన ముసలాయన పక్కన నిలబడి ఉన్నాడు. ఆయన పోయేదాకా ఆగాను. గ్లాసు కింద ఒక గాలి బుడగ మిగిలింది. కార్తికేయ దాన్ని గోటితో అంచు దాకా నెట్టి నెట్టి బయటికి పంపించాడు. ముసలాయన పోయాడు.

"మూడో ఫ్యాన్ నేను చేసినా" అన్నాను. "నువ్వు చేసింది తీసేసి నాది వేసినా. గద్ద నాది. ఫైలు తెరిచిన రోజు నా పేర్లన్నీ మార్చేసినా."

అతను కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. చొక్కా అంచుతో కళ్ళు ఒత్తుకున్నాడు.

"మెట్లకాడ అడిగితి కదా నిన్ను."

"అడిగినావు."

"ఎన్నిసార్లు అడిగితి?"

"రెండుసార్లు."

"మూడు. పోయే దినం నీ కుర్చీ ఎనక నిలబడి గూడా అడిగితి."

బల్ల మీది కళ్ళద్దాల వైపు చూశాను.

"పని పోతే పోనీ మే. దానికి కాదు. రాత్రి పండుకుంటే ఆకాశం కనపడతాంది. దాంట్లో యాడో ఏదో ఉండాది, నాకు కనపడల్యా అనుకుంటా తిరిగి తిరిగి యెతుకుతా. పన్నెండు దినాలు. నువ్వు ఒక్క మాట సెప్పింటే నిద్రపోతుంటి."

ఇంకొకామె ఛార్జరు కావాలని వచ్చింది. అతను రెండు మూడు తీసి చూపించాడు, ఆమె ఒకటి తీసుకుని పోయింది. అంతసేపూ నావైపు చూడలేదు.

"క్షమించు" అన్నాను. ఎంత చిన్న మాటో అది.

"బస్సుకు టైమైతాది. పో మే."

ఏప్రిల్ 28, సోమవారం

అన్నకు చెప్పాను. నిలబడే చెప్పాను.

అన్న మొదట నమ్మలేదు. "వాని మీద జాలితో సెప్తాండావా?" అన్నాడు. పాత వెర్షన్ తెరవమన్నాను. పాతవన్నీ సర్వర్లో అట్లాగే ఉంటాయి. పదో తారీఖు ఫైలు తెరిచాడు. ఆకాశం3. మబ్బు. గుట్ట. దుమ్ము. అన్నీ వరసగా బయటపడ్డాయి. మౌసు కదిలించకుండా వాటినే చూశాడు.

"తప్పు ఎవురైనా చేస్తారు పాపా. నేను చేసినాను, చాందిని చేసింది. పేర్లు గూడా మార్చినావా?"

"మార్చినానన్నా."

"నేనన్నా ఈ ఫైలు ఒకసారి తెరిసింటే తెలిసిపోతుండె. నేనూ తెరవకపోతి." అలసిపోయినట్టు కుర్చీలో వెనక్కి వాలాడు. ఆయన్ని అట్లా చూడటం ఇదే మొదటిసారి. అరిస్తే బాగుండేది.

ముందు హైదరాబాద్‌కి మెయిల్ రాయించాడు. ఆ తప్పు కార్తికేయది కాదు, నాది అని నా పేరుతోనే రాశాను. ఇంకేమీ రాయలేదు. పది నిమిషాల్లో జవాబు వచ్చింది. "ఓకే." అంతే. వాళ్ళకి ఆ గద్ద ఎవరిదైనా ఒకటే.

తర్వాత అన్న కార్తికేయకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాడు.

"కార్తికేయా, రా అప్పా. నీ సీటు నీకుండాది."

అవతల బస్టాండు హారన్లు. "ఆమె ఉంటాదా?" అన్నాడు.

"ఉంటే ఏమి? ట్రైనింగ్ ఇంకో రెండు నెలలు పొడిగిస్తా, ఇద్దరూ ఉండండి."

"ఆమె ఉంటే రాలేనన్నా. కోపంతో కాదు. పక్కన కూచుంటే, ఆమె ఏం సెప్పినా రెండుసార్లు సూసుకోవాల్సొస్తాది. ఈ పని అట్లా కాదు."

అన్న నావైపు చూశాడు. నేను ఫోన్ వైపు చూస్తూ, కొంచెం గట్టిగా, "నేను పోతున్నా కార్తీ. నువ్వు రా" అన్నాను.

అతను ఫోన్ పెట్టేశాడు.

ఇట్లా అంటానని పొద్దున నేను అనుకోలేదు. చెప్పేస్తే అన్న నాలుగు తిట్లు తిట్టి ఊరుకుంటాడని, అందరం మళ్ళీ ఒకచోట కూర్చుంటామని అనుకున్నాను. మనసులో ఎక్కడో నా కుర్చీ నాకే ఉంచుకుని కదిరికి పోయాను. అది ఇప్పుడు తెలుస్తోంది.

"హార్డ్‌డిస్కులో నీయి ఏమన్నా ఉంటే కాపీ చేసుకో" అన్నాడు అన్న. నావి ఎక్కువేమీ లేవు.

చాందిని అక్క మెట్ల దాకా వచ్చింది. "పెద్ద పని చేసినావులే" అంది. ఏ పని గురించి అందో అడగలేదు.

ఏప్రిల్ 30, బుధవారం

ముదిగుబ్బ. నిన్న రాత్రి వచ్చి పడుకున్నదాన్ని ఇవాళ పదింటిదాకా లేవలేదు. ఎన్నాళ్ళయిందో ఇంత నిద్రపోయి.

చాందిని అక్క మెసేజ్ పెట్టింది. కార్తికేయ నిన్న పొద్దున వచ్చి చేరాడట. ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదట. మధ్యాహ్నానికి ఒక షాట్ పంపాడట. చూశాను, అంతే.

పదకొండింటికి అమ్మ ఉపాధి పని నుంచి వచ్చింది. మోకాళ్ళ దాకా ఎర్రమట్టి. రాత్రి నన్ను ఏమీ అడగలేదు. ఇప్పుడు పొయ్యి అంటించి ఎసరు పెట్టి, బియ్యం కడుగుతూ అడిగింది.

"ఒకటో తారీఖు నుంచి పర్మనెంటు అంటివి. ఇప్పుడొచ్చి పండుకుంటివి. ఏమైంది?"

పక్కన పీట మీద కూర్చుని చెప్పాను. మూడో ఫ్యాన్ దగ్గర మొదలుపెట్టాను. గద్ద, బోర్డు మీద నా పేరు, మెట్ల దగ్గర అతను అడగడం, నేను గుర్తులేదనడం, పేర్లు మార్చడం, మూడోసారి తల తిప్పకుండా తెలీదనడం, కళ్ళద్దాలు. దేన్నీ వదిలిపెట్టలేదు. దేనికీ మంచి మాట వెతకలేదు.

అమ్మ బియ్యం గిన్నె ఒళ్ళో పెట్టుకుని విన్నది. మధ్యలో ఒక్కసారి, "ఆ పిల్లోడు మళ్ళా పనిలోకి పోయినాడా?" అని అడిగింది. పోయాడన్నాను.

"నువ్వు?"

"ఇంకోచోట యాడన్నా చేర్తా మా."

"అడిగితే ఈడ ఏంటికి మానుకున్నావంటారు."

"చెప్తా."

అమ్మ నా మొహంలోకి చూసింది. అవునో కాదో తేల్చుకుంటున్నట్టు చూసింది. తర్వాత లేచి, ఎసట్లో బియ్యం పోద్దామని మూత తీసింది.

నీళ్ళింకా కాగలేదు. పదిహేను రోజులు నానబెట్టిన సంగతి చెప్పడానికి ఎసరు కాగేంత టైము కూడా పట్టలేదు.